కాపరి కుక్కలు, మంచుబండి కుక్కల సంకరం: జహీరాబాదు మెట్ట ప్రాంతంలో లాభనష్టాల పరిశీలన

వ్యవసాయ పరిశోధన పత్రికలో కుక్కల సంకరీకరణకు చోటేమిటన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. సమాధానం పొలంలోనే ఉంది. సంగారెడ్డి జిల్లా పశ్చిమ అంచున, కర్ణాటకలోని బీదరుకు చేరువలో ఉన్న జహీరాబాదు ప్రాంతపు ఎర్ర లాటరైట్ నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ. పంట కోతల తరువాత రైతులు కురుమల గొర్రెల మందలను పిలిపించి పొలంలో రాత్రిళ్ళు మంద పెట్టించుకోవడం ఇక్కడ తరతరాల అలవాటు. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉండగా, గొర్రెల ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం 1 శాతం, పొటాష్ 2 శాతం వరకు ఉంటాయి. అంటే ఒక టన్ను గొర్రెల ఎరువు ద్వారా 30 కిలోల నత్రజని నేలకు చేరుతుంది. మూత్రం కూడా నేరుగా నేలలో ఇంకుతుంది కనుక ఎత్తి పోసే ఎరువులో కలిగే నష్టం ఇందులో ఉండదు. అయితే ఆరుబయట, కంచె లేని పొలంలో, చీకట్లో పడుకున్న మందను కాచేది ఎవరు? కాపరి ఒక్కడు, అతని కర్ర ఒకటి, రెండు మూడు కుక్కలు. కుక్క సరిగా లేకపోతే మంద నిలవదు. మంద నిలవకపోతే ఎరువు లేదు.

ఇక రెండవ కారణం. హైదరాబాదు నుండి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ఈ పట్టణం చుట్టూ గత కొన్నేళ్ళుగా తోటలు, ఫామ్‌హౌస్‌లు పెరిగాయి. వాటి కాపలాకు జర్మన్ షెపర్డ్, సైబీరియన్ హస్కీ వంటి విదేశీ జాతులను, వాటి సంకరాలను తెచ్చుకునే మోజు నగరం నుండి పల్లెకు పాకుతున్నది. ఈ రెండింటి సంకరానికి విదేశీ వ్యాపారంలో ‘షెప్‌స్కీ’ అనే ముద్దుపేరు కూడా ఉంది. గొర్రెల కాపరి కుక్క తెలివి, మంచులో బండి లాగే కుక్క దారుఢ్యం ఒకే పిల్లలో దొరుకుతాయన్న ఆశ దీనికి మూలం. ఆ ఆశలో శాస్త్రీయమైన పాలు ఎంత, వ్యాపారపు పాలు ఎంత అన్నది తేల్చుకోవలసిన అవసరం కాపరికీ ఉంది, రైతుకూ ఉంది.

కాపరి కుక్క అంటే ఏది?

‘కాపరి కుక్క’ అన్న ఒకే మాట కింద రెండు భిన్నమైన వృత్తులు దాగి ఉన్నాయి. బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్ వంటివి మందను తోలే కుక్కలు. ఇవి గొర్రెను కన్నార్పకుండా చూసి, పొంచి, వెంబడించి దారిలో పెడతాయి. పిరెనీస్, అనటోలియన్ కుక్కలు, మన హిమాలయ ప్రాంతపు కాపరుల కుక్కలు మందను కాచేవి. ఇవి గొర్రెల మధ్యనే పెరిగి, వాటిలో ఒకటిగా మసలి, తోడేలో చిరుతో వస్తే అడ్డుపడతాయి. తోలే కుక్కలో వేట ప్రవృత్తి ఉంటుంది గాని అది కరవడానికి ముందే ఆగిపోతుంది. కాచే కుక్కలో ఆ ప్రవృత్తి దాదాపు మొలకెత్తదు. అమెరికాలో 1970ల నుండి కాపలా కుక్కలపై దీర్ఘకాలం పరిశోధించిన రేమండ్ కాపింజర్ ఈ భేదాన్ని వివరంగా చర్చించారు. ఆయన స్వయంగా మంచుబండి పందాల కుక్కలను పెంచి నడిపినవారు కావడం విశేషం.

జహీరాబాదు కాపరికి కావలసింది ఈ రెండవ రకం. దక్కనులో మందను తోలే పని కాపరి గొంతు, ఈల, కర్ర చేస్తాయి. కుక్కతో పని రాత్రికి. ఈ భేదాన్ని మరచి, పేరులో ‘షెపర్డ్’ ఉన్నది కనుక జర్మన్ షెపర్డ్ మన మందకు పనికివస్తుందని భావించడం మొదటి పొరపాటు. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి హోరాండ్ అనే కుక్కను మూలపురుషునిగా తీసుకొని ఆ జాతికి ప్రమాణాలు ఏర్పరచాడు. అక్కడ దాని పని విశాలమైన పంట చేల మధ్య మందను గట్టు దాటకుండా నిలపడం. తరువాతి కాలంలో అది పోలీసు, సైనిక విధులకు మళ్ళింది. నేటి జర్మన్ షెపర్డులలో అత్యధికం తరాల తరబడి గొర్రె ముఖం చూసినవి కావు.

మంచుబండి కుక్కల చరిత్ర

మంచుబండి లాగే కుక్కల వంశం చాలా పురాతనమైనది. సైబీరియా ఉత్తరాన జొహోవ్ ద్వీపంలో దొరికిన 9,500 ఏళ్ళ నాటి కుక్క ఎముక నుండి సేకరించిన జన్యుపదార్థం నేటి స్లెడ్జి కుక్కల జన్యువులకు దగ్గరగా ఉన్నదని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. కొవ్వు అధికంగా ఉండే ఆహారానికి తగిన జన్యు మార్పులు ఈ వంశంలో అప్పటికే ఉన్నాయి. సైబీరియన్ హస్కీ చుక్చీ ప్రజల కుక్క. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో పందాల కోసం అలాస్కా చేరింది. 1925 శీతాకాలంలో నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలినప్పుడు సుమారు 1,085 కిలోమీటర్ల దూరం నుండి ఔషధాన్ని అయిదున్నర రోజులలో చేర్చినవి ఈ బండ్లే. చివరి మజిలీ నడిపిన బాల్టో పేరు ప్రపంచానికి తెలిసింది. వాస్తవానికి అతి దీర్ఘమైన, ప్రమాదకరమైన మజిలీ టోగో నాయకత్వంలోని జట్టుది.

గడ్డకట్టే చలిలో రోజుల తరబడి పరుగెత్తడం, గుంపులో సర్దుకుపోవడం, మంచు కింద ప్రమాదాన్ని పసిగడితే యజమాని ఆజ్ఞను సైతం ధిక్కరించడం ఈ కుక్కల గుణాలు. ఇవి అక్కడ ప్రాణం నిలిపే గుణాలు. కాపలా మాత్రం వీటి స్వభావంలో లేదు. హస్కీ కొత్తవారిని చూసి తోక ఊపుతుందని దానిని పెంచినవారందరికీ తెలుసు. చిన్న జంతువు పరుగెత్తితే వెంటపడే ప్రవృత్తి కూడా వీటిలో బలంగా ఉంటుంది.

గ్రీన్‌లాండ్ అనుభవం ఈ సందర్భంలో గమనించదగినది. అక్కడ ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, తూర్పు తీరాన స్లెడ్జి కుక్కలను స్వచ్ఛంగా కాపాడేందుకు ఇతర కుక్కలను తీసుకువెళ్ళడాన్ని చట్టం నిషేధిస్తుంది. దక్షిణాన ఉన్నది గొర్రెల సీమ. ఒకే దేశం రెండు రకాల కుక్కలకు రెండు ప్రాంతాలు కేటాయించుకుంది. అయితే రెండు వృత్తులూ ఎన్నడూ కలవలేదని చెప్పడానికి వీలులేదు. సైబీరియాలో రెయిన్‌డీర్ మందలను మేపుకునే నేనెత్స్ ప్రజలతో ఉన్న సమోయెడ్ కుక్కలు మందను కాచాయి, బండినీ లాగాయి. అంటే కలయిక అసాధ్యం కాదు. ఆ కలయిక ఏ వాతావరణంలో, ఎన్ని తరాల ఎంపికతో జరిగిందన్నదే అసలు ప్రశ్న.

సంకరం వల్ల కలిగే లాభాలు

సంకర తేజం కట్టుకథ కాదు. మన దేశంలో 1964లో విడుదలైన తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 దిగుబడిని చూసిన తరానికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. కుక్కలలో శుద్ధ జాతులన్నీ పరిమితమైన పూర్వికుల నుండి, దగ్గరి సంబంధాల ద్వారా ఏర్పడినవి. అందువల్ల అంతర్గత జన్యువుల రూపంలో దాగి ఉన్న లోపాలు జంటగా కలిసి బయటపడే అవకాశం ఎక్కువ. జర్మన్ షెపర్డులో తుంటి కీలు లోపం, వృద్ధాప్యంలో వెనుక కాళ్ళు చచ్చుబడే వెన్నుపాము క్షీణత, క్లోమ రసాల లోపం తరచుగా కనిపిస్తాయి. హస్కీలో తుంటి లోపం తక్కువ గాని, చిన్న వయసులోనే వచ్చే శుక్లాలు, ఇతర నేత్ర వ్యాధులు, జింకు లోపం వల్ల వచ్చే చర్మవ్యాధి ఉన్నాయి. తల్లి వంశంలో లేని లోపం తండ్రి వంశంలో ఉంటే, అంతర్గత జన్యువు ఒక్కటే సంక్రమించిన మొదటి తరం పిల్ల ఆరోగ్యంగా ఉంటుంది. ఇదే సంకరానికి బలమైన వాదన.

ఉద్దేశపూర్వకంగా చేసిన సంకరాలు మంచి ఫలితాలు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అంధులకు దారి చూపే కుక్కల శిక్షణ సంస్థలు లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ల మొదటి తరం సంకరాలను విస్తృతంగా వాడుతున్నాయి. డాల్మేషన్ జాతిలో యూరిక్ ఆమ్లం అధికంగా విసర్జితమై మూత్రంలో రాళ్ళు ఏర్పడే లోపాన్ని సరిదిద్దేందుకు 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒకే ఒకసారి పాయింటర్ కుక్కతో సంకరం చేసి, ఆ తరువాత వరుసగా డాల్మేషన్లతోనే పశ్చసంకరణం జరిపాడు. వరిలో తెగులు నిరోధక జన్యువును ప్రవేశపెట్టే పద్ధతే ఇది.

కాపరి కుక్క, మంచుబండి కుక్కల కలయికకు సూటిగా సంబంధించిన ఆధారం అలాస్కాలో ఉంది. అక్కడి పందాల కుక్క ‘అలాస్కన్ హస్కీ’ శుద్ధ జాతి కాదు. పరుగును మాత్రమే చూసి ఎంపిక చేస్తూ వచ్చిన సంకర సముదాయం. 2010లో ప్రచురితమైన జన్యు విశ్లేషణ ప్రకారం వీటిలో సహనశక్తికి మాలమ్యూట్, సైబీరియన్ హస్కీ వంశాల అంశం, వేగానికి పాయింటర్, సలూకీ వంశాల అంశం తోడ్పడుతున్నాయి. పనిపై నిబద్ధతకు అనటోలియన్ కాపరి కుక్క వంశపు అంశంతో సంబంధం కనిపించింది. అంటే కాపరి కుక్క రక్తం మంచుబండికి మేలు చేసింది. దీనిని తిరగవేసి, మంచుబండి కుక్క రక్తం మందకు మేలు చేస్తుందని చెప్పడానికి మాత్రం ఈ ఆధారం చాలదు. వ్యాపార ప్రకటనలు ఈ తిరగవేతనే సునాయాసంగా చేస్తుంటాయి.

ఆరోగ్యం విషయంలోనూ అతిశయోక్తి తగదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పశువైద్యశాల రికార్డుల ఆధారంగా 2013లో వెలువడిన అధ్యయనం 24 వంశపారంపర్య వ్యాధులను పరిశీలించింది. వాటిలో 10 శుద్ధ జాతులలో ఎక్కువగా, ఒకటి సంకరాలలో ఎక్కువగా కనిపించగా, మిగిలిన 13 వ్యాధులలో భేదం లేదు. భేదం లేని వాటిలో తుంటి కీలు లోపం ఒకటి. సంకరం కొన్ని రోగాలకు గొడుగు పడుతుంది; అన్నింటికీ కాదు.

రెండవ తరంలో ఏమవుతుంది?

సంకర విత్తనం నుండి వచ్చిన గింజను దాచి మరుసటి ఏడాది విత్తితే పొలంలో పొట్టి, పొడుగు, ముందు పూత, వెనుక పూత కలగలిసి వస్తాయని రైతుకు తెలుసు. కుక్కలోనూ జరిగేది అదే పృథక్కరణ. మొదటి తరం పిల్లలను తమలో తాము కట్టిస్తే, వెన్నుపాము క్షీణతకు కారణమైన అంతర్గత జన్యువును మోస్తున్న రెండు కుక్కల సంతతిలో నాలుగవ వంతుకు అది జంటగా చేరుతుంది. పైగా ఆ జన్యువు జర్మన్ షెపర్డుకే పరిమితం కాదు. అనేక జాతులలో నమోదైంది. కనుక మొదటి తరానికి కూడా పరీక్ష లేకుండా భరోసా ఇవ్వలేము.

దీనికంటే పెద్ద చిక్కు లెక్కలో ఉంది. కావలసిన గుణాలు నాలుగు స్వతంత్ర జన్యు జంటలపై ఆధారపడి ఉన్నాయని, నాలుగూ స్థిరరూపంలో కావాలని అనుకుందాం. రెండవ తరంలో అటువంటి పిల్ల సగటున 256లో ఒకటి వస్తుంది. మొక్కజొన్నలో 256 మొక్కలను 60 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల ఎడంతో పెంచడానికి సుమారు 31 చదరపు మీటర్లు, అంటే గుంటలో మూడవ వంతు నేల చాలు. కుక్క ఈతకు ఆరు పిల్లల వంతున లెక్కిస్తే సుమారు 43 ఈతలు కావాలి. మొక్కజొన్నలో మిగిలిన 255 మొక్కలను పీకి పశువులకు వేస్తారు. కుక్కలలో ఆ 255 పిల్లలు ఎక్కడికి పోతాయి? రోడ్డు మీదికి. స్వభావ గుణాలు నాలుగు జంటలతో తేలేవి కావు, వందలాది జన్యువుల ఉమ్మడి ప్రభావమని గుర్తుంచుకుంటే ఈ లెక్క ఇంకా ఉదారమైనదే.

స్వభావం గురించి మరొక మాట. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల నుండి వివరాలు సేకరించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను చదివి 2022లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని వైవిధ్యంలో జాతి వివరించగలిగినది సుమారు 9 శాతం మాత్రమేనని తేలింది. జాతి పేరు చూసి పిల్ల నడవడిని ఊహించడం శుద్ధ జాతులలోనే కష్టమైతే, సంకరాలలో అది జూదమే. పిల్లలలో ఒకటి తండ్రి వలె కాపలాకు నిలబడవచ్చు. దాని తోబుట్టువు గోడ దూకి గొర్రెపిల్ల వెంట పడవచ్చు. అమ్మేవాడు రెండింటికీ ఒకే ధర చెబుతాడు.

ఎండ, జొన్నరొట్టె

జహీరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటే రోజులు మామూలే. కుక్క శరీర ఉష్ణోగ్రత సహజంగా 38.3 నుండి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది. చెమట గ్రంథులు పాదాల అడుగున మాత్రమే చెప్పుకోదగినంతగా ఉన్నందున, నాలుక చాచి రొప్పడం ద్వారానే అది వేడిని వదలాలి. బయటి గాలి శరీరం కంటే వేడిగా ఉన్నప్పుడు రొప్పినా ప్రయోజనం తగ్గుతుంది. శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీలు మించితే ప్రాణాపాయం. హస్కీకీ, జర్మన్ షెపర్డుకూ రెండింటికీ లోపల మెత్తని ఉన్ని, పైన గరుకు రోమాలు కలిగిన జంట పొర ఉంటుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఉన్న గుణం పిల్లలో ఉండకుండా పోదు. ఈ సంకరంలో వేడికి సంబంధించి సంకర తేజం ఇచ్చేది ఏమీ లేదు. వేసవిలో బొచ్చు గొరిగించడం పరిష్కారమని కొందరు భావిస్తారు. అందువల్ల చర్మానికి నేరుగా ఎండ తగిలి కమిలిపోయే ప్రమాదం ఉంది. పైగా 30 నుండి 40 కిలోల బరువుండే జర్మన్ షెపర్డు రక్తం కలిసినప్పుడు శరీరం పెరిగి, బరువుకు తగిన చర్మ వైశాల్యం తగ్గుతుంది. ఊరి కుక్క సన్నగా, పొట్టి వెంట్రుకలతో, నిటారు చెవులతో ఉండడం పేదరికపు గుర్తు కాదు. ఈ ఎండకు అది చెప్పుకున్న సమాధానం.

ఏసీ గదిలో ఉంచగలిగినవారు పెంచుకోవచ్చునని అంటారు. నిజమే. ఆ కుక్క మంద దగ్గరకు రాదు కనుక ఈ వ్యాసపు పరిధిలోకీ రాదు.

ఆహారం విషయం వ్యవసాయ శాస్త్రానికి మరింత దగ్గరిది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కలలో నాలుగు నుండి ముప్పై వరకు ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో వెలువడిన పరిశోధన చూపింది. మనిషి ధాన్యం పండించడం మొదలుపెట్టాక, అతని మిగులు తిని బతికిన కుక్కలో వచ్చిన మార్పు ఇది. పంటలు లేని ఆర్కిటిక్ ప్రాంతంలో చేప, సీల్ కొవ్వు తిని పెరిగిన హస్కీ వంటి కుక్కలలో ఈ ప్రతులు చాలా తక్కువ. కాపరి కుక్కకు ఇక్కడ దొరికేది జొన్నరొట్టె, సంకటి, గంజి, అప్పుడప్పుడు మజ్జిగ. హస్కీ రక్తమున్న పిల్ల రొట్టె తింటే బతకదని కాదు. ఉడికిన పిండిని ఏ కుక్కయినా కొంతవరకు అరిగించుకుంటుంది. కాని అదే రొట్టెతో ఊరి కుక్క నిలబడినంత దృఢంగా అది నిలబడుతుందని ఆశించలేము. జొన్న చేను పక్కన పుట్టి పెరిగిన కుక్కకు ఆ జొన్నను అరిగించుకునే శక్తి కూడా వారసత్వంగా వచ్చింది. మాంసం, గుడ్లు, దుకాణపు దాణా కొనవలసి వస్తే ఖర్చు కాపరి నెత్తిన పడుతుంది.

మంద మధ్య ప్రమాదం, తోడేలుకు ముప్పు

గొర్రె దగ్గర కుక్కకు ఉండవలసిన మొదటి గుణం నిగ్రహం. హస్కీ వంటి కుక్కలలో ఆ నిగ్రహం సహజంగా తక్కువ; జర్మన్ షెపర్డులో తోలే ప్రవృత్తి ఎక్కువ. రెండూ కలిసిన పిల్ల మందను తరిమే అవకాశమే హెచ్చు. చూడి గొర్రెలను కుక్క తరిమితే గర్భస్రావాలు జరుగుతాయి; కంచె లేని చోట మంద చెదిరి పక్క పొలంలో పడితే తగాదా. ఒక రాత్రి జరిగిన ఆ నష్టాన్ని ఏడాది పొడవునా కాసిన కాపలా కూడా పూడ్చలేదు.

దక్కను పచ్చిక బయళ్ళలో తోడేలు ఇంకా మిగిలి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి మొదటి షెడ్యూలులో రక్షణ కల్పించింది. తోడేలు, కుక్క ఒకదానితో ఒకటి జతకట్టగలవు. పుట్టిన సంతతి సంతానోత్పత్తి చేయగలదు. పూణె సమీపంలో అటువంటి సంకర జంతువును జన్యు విశ్లేషణ ద్వారా నిర్ధారించిన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పోషించలేక వదిలివేసిన పెద్ద కుక్కలు ఊరి పొలిమేరలు దాటి తిరిగితే ఈ ముప్పు పెరుగుతుంది. గొర్రెలపై దాడి చేసేవి సైతం చాలా చోట్ల తోడేళ్ళు కావు, వదిలేసిన కుక్కల గుంపులే. నింద మాత్రం తోడేలు మీద పడుతుంది.

గొర్రె నేర్పిన పాఠం

సంకరం విషయంలో ఈ ప్రాంతానికి అనుభవం లేకపోలేదు. నల్లని ముతక ఉన్నితో గొంగడి ఇచ్చే దక్కనీ గొర్రె ఎండకు, కరువుకు, దూర ప్రయాణానికి తట్టుకునే జాతి. ఉన్ని నాణ్యత పెంచాలని ఒకప్పుడు విదేశీ మెరినో రకాలతో, ఆ తరువాత మాంసం బరువు కోసం ఉన్ని లేని నెల్లూరు రకాలతో దీనిని కలిపారు. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చిన యూనిట్లను ఇతర రాష్ట్రాల నుండి కూడా కొన్నారు. మాంసం ధర పెరిగిన మాట వాస్తవం. కాపరులలో చాలామంది ఇష్టపడే ఆ మార్పు చేసుకున్నారు. కాని గొంగడి నేసేవారికి నల్ల ఉన్ని దొరకడం కష్టమైంది. పోయిన జాతిని తిరిగి కట్టుకోవడానికి శుద్ధమైన పొట్టేళ్ళను వెతుక్కోవలసి వచ్చింది. గొర్రెకు కనీసం లెక్క ఉంది, జాతి నమోదు ఉంది. దాని వెంట నడిచే కుక్కకు అవేవీ లేవు. అది ఎప్పుడు కలిసిపోయిందో, ఎప్పుడు కనుమరుగైందో చెప్పే కాగితం కూడా ఉండదు.

దేశవాళీ కుక్కల నమోదు మన దేశంలో ఇటీవలనే మొదలైంది. కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ తొలుత తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ కుక్కలను గుర్తించింది. ఆ తరువాత హిమాచల్‌ప్రదేశ్ గొర్రెల కాపరుల గద్దీ కుక్కకు చోటు దక్కింది. జహీరాబాదుకు కూతవేటు దూరంలోని బీదరు కేంద్రంగా ఉన్న కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం బాగలకోట జిల్లా ముధోల్ సమీపంలోని తిమ్మాపురలో కుక్కల పరిశోధన కేంద్రాన్ని నడుపుతున్నది. ముధోల్ కుక్క చూపుతో వేటాడే రకం; మందలో పడుకునే రకం కాదు. కనుక దానిని కూడా యథాతథంగా కాపరికి సిఫారసు చేయడం సరికాదు. దక్కను ఎండకు తట్టుకునే కుక్కను ఎంపిక ద్వారా ఎలా నిలబెట్టుకోవచ్చునో ఆ కేంద్రం పద్ధతి నుండి నేర్చుకోవచ్చు.

పెంపకందారులు పాటించవలసినవి

ఇన్ని చెప్పిన తరువాత కూడా సంకర పిల్లను ఇష్టపడి కొనేవారు ఉంటారు. కుక్కల పెంపకం, విక్రయాలపై కేంద్రం 2017లో నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం అమ్మకం కోసం పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి, పద్దెనిమిది నెలలు నిండని కుక్కను సంతానోత్పత్తికి వాడరాదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. కొనేవారు తల్లిని, వీలైతే తండ్రిని కళ్ళారా చూడాలి. తుంటి ఎక్స్‌రే, కంటి పరీక్ష జరిగాయా అని అడగాలి. తెచ్చుకున్నాక దానిని ఉదయం, సాయంత్రం చల్లటి వేళల్లోనే తిప్పాలి. గొర్రెలున్న చోట కట్టివేసి ఉంచాలి. ఆరు నెలలు దాటాక శస్త్రచికిత్స గురించి పశువైద్యుని సంప్రదించి సంతానోత్పత్తి ఆపించాలి. ఊరి కుక్కలలో ఈ రక్తం కలవకుండా చూడడంలో అన్నిటికంటే అక్కరకు వచ్చేది ఈ చివరి జాగ్రత్తే.

మంద కుక్క విషయంలో కాపరి ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎండకు తాళి, రాత్రి మెలకువగా ఉండి, గొర్రెపిల్లను ముట్టని తల్లి ఈనిన పిల్లలనే దాచుకోవాలి. కుక్కపిల్ల మూడవ వారం నుండి పన్నెండు, పధ్నాలుగు వారాల వరకు దేని మధ్య పెరిగితే దానినే తన వారిగా భావిస్తుంది. కనుక ఆ వయసులో దానిని ఇంట్లో పిల్లల దగ్గర కాక, దొడ్డిలో గొర్రెపిల్లల దగ్గర ఉంచాలి. ఆటగా గొర్రె చెవి పట్టుకుంటే వెంటనే మందలించాలి. నవ్వి వదిలేస్తే ఆ అలవాటు పోదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తరువాత ఏటా ఒకసారి తప్పనిసరి.

నట్టల మందును చాలామంది గొర్రెలకు వేస్తారు గాని కుక్కకు వేయరు. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ పడిపోయే రోగానికి కారణం దాని మెదడులో పెరిగే బద్దెపురుగు తిత్తి. ఆ పురుగు పెద్దదై గుడ్లు పెట్టేది కుక్క పేగులో. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఏర్పడి మనిషికి కూడా సోకే నీటి తిత్తులకూ కుక్కే ఆధారం. అందువల్ల చచ్చిన, కోసిన గొర్రె తలను, పేగులను, కాలేయాన్ని పచ్చిగా కుక్కకు వేయరాదు. పాతిపెట్టాలి లేదా బాగా ఉడికించాలి. మూడు నెలలకు ఒకసారి పశువైద్యుని సలహాతో, కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ప్రాజిక్వాంటెల్ మందు వేయించాలి. కొత్త జాతి కుక్క కొనే ధరలో చిన్న భాగంతో ఉన్న కుక్కలన్నింటికీ ఏళ్ళ తరబడి ఈ మందు వేయించవచ్చు.

పరిశోధన సంస్థలు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. జహీరాబాదు, కోహీరు, ఝరాసంగం, న్యాలకల్, మొగుడంపల్లి మండలాలలో మందల వెంట నడిచే కుక్కల లెక్క తీయాలి. ఎత్తు, ఛాతీ చుట్టుకొలత, రోమపు పొడవు, రంగు కొలవాలి. వేసవి మధ్యాహ్నం, చలికాలపు వేకువ వేళల్లో శరీర ఉష్ణోగ్రత నమోదు చేయాలి. ఏ కుక్క ఉన్న మందలో ఎన్ని గొర్రెపిల్లలు పోయాయో కాపరుల నోటి నుండి రాసుకోవాలి. రక్త నమూనాలతో విదేశీ జాతుల అంశం ఇప్పటికే ఎంత కలిసిందో తెలుసుకోవాలి. పంట కోతలు ముగిసి మందలు పొలాలకు దిగే నెలలు ఈ పనికి అనువైన కాలం. అప్పుడు కాపరి, కుక్క, రైతు ముగ్గురూ ఒకే చోట దొరుకుతారు.